మా నాయన సంవత్సరీకం: పీట మీద పంచె పెట్టాలా, చీర పెట్టాలా?

ప్రశ్న – స్టోన్‌హౌస్‌పేట అమ్మాయి

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. ఈ మాఘమాసానికి మా నాయన పోయి ఏడాది నిండుతుంది. ఇంట్లో సంవత్సరీకం పెట్టుకుని, వచ్చినవాళ్లకు ఇవ్వడానికి ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం. నాయన బతుకు, వేసిన బొమ్మలు, రాసిన బోర్డుల ఫోటోలు, అంతే. రాసే పని నేను పెట్టుకున్నాను. రాసి ప్రెస్సుకిచ్చాను. మొదటి ప్రూఫు చేతికొచ్చాక మొదలైంది అసలు గొడవ.

నేను "మా నాయన పద్నాలుగో ఏట కుంచె పట్టింది" అని రాశాను. ప్రూఫులో "పట్టాడు" అని ఉంది. పుస్తకమంతా అంతే. "వచ్చింది" అన్నచోటల్లా "వచ్చాడు", "నవ్వింది" అన్నచోటల్లా "నవ్వాడు". డీటీపీ చేసే కుర్రాడు మంచివాడే. "అక్కా, నూటికి పైగా తప్పులు దిద్దాను, దానికి డబ్బులేం వద్దులే" అన్నాడు. ఏం చెప్పాలో తోచక ఆ కాయితాలు తీసుకుని ఇంటికొచ్చేశాను.

అవి తప్పులు కాదు. మా నాయన ట్రాన్స్ మహిళ. 1962లో పుట్టింది. నలభై నాలుగేళ్లు పంచె, చొక్కాల్లో తిరిగింది. 2006 నుంచి పోయేదాకా చీర కట్టుకుంది. మా అమ్మ మెళ్లో తాళి కట్టిందీ, నన్నూ తమ్ముణ్నీ పెంచి పెద్ద చేసిందీ ఆ ఒక్క మనిషే. చీర కట్టుకున్న కొత్తలో నేను అడిగాను, ఇకమీద నిన్ను ఏమని పిలవాలని. అప్పుడు నాకు పదిహేడేళ్లు. "నువ్వు మాటలు నేర్చినప్పటి నుంచి ఉన్న పిలుపు గదా అది. చీర కడితే అదెందుకు పోగొట్టుకోవాల నేను?" అంది. అందుకని మా ఇంట్లో నాయన నాయనగానే ఉంది. "నాయన వచ్చింది", "నాయన అన్నం తినేసింది", "నాయనకు చెప్పొద్దు, తిడతాది". పద్దెనిమిదేళ్లు అలాగే మాట్లాడుకున్నాం. మాకు ఎప్పుడూ వింతగా అనిపించలేదు. కాయితం మీదకు వచ్చేసరికే ఊళ్లో అందరికీ తప్పుగా కనపడుతోంది.

నాయన పని గురించి చెప్పాలి, లేకపోతే నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో మీకు అర్థం కాదు. బోర్డులు రాసేది. ట్రంకు రోడ్డులో ఒక పెయింటరు దగ్గర చేరి పని నేర్చుకుంది. సినిమా హాళ్లకు బ్యానర్లు, లారీల వెనక పద్యాలు, రైస్ మిల్లుల గోడలు, ఎరువుల కంపెనీల ప్రకటనలు, నాటకాలోళ్లకు సీనరీలు, ఎలక్షన్లప్పుడు అన్ని పార్టీల గుర్తులూ. బోర్డు రాసే రోజు ఇంట్లో పండగలాగే ఉండేది. రేకుకి ముందు రెడ్ ఆక్సైడ్ కొట్టి ఎండబెట్టేది, దాని మీద రెండు విడతలు తెల్ల పెయింటు. సుద్దపొడి రుద్దిన దారం ఒక కొస నేను, ఒక కొస తమ్ముడు బిగించి పట్టుకుంటే, మధ్యలో రెండు వేళ్లతో లాగి వదిలేది. టప్పుమని గీత పడేది. ఆ గీత మీద ముందు అక్షరాల గుండ్రాలన్నీ వేసుకుంటూ పోయేది. తర్వాత కొమ్ములు, గుడులు, ఒత్తులు. తలకట్లు మాత్రం ఆఖర్న. అన్నీ అయ్యాక లేచి, చేతులు కడుక్కుని, సన్న కుంచె తీసుకుని ఒక్కో అక్షరానికీ తలకట్టు పెట్టేది. పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేది. మేం కూడా బిగబట్టేవాళ్లం. "తలకట్టు పడితేనే అక్షరం పలుకుద్ది" అనేది. నాయన తలకట్టు ఎడమవైపు సన్నంగా మొదలై, కుడివైపు కొంగ రెక్క విప్పినట్టు లేచేది. నెల్లూరులో ఏ వీధిలో కనిపించినా అది మా నాయన చెయ్యి అని చెప్పేయగలను.

ఇంకొకటి. నా చిన్నప్పటి నుంచీ నాయన ఎడమచేతి చిటికెన వేలి గోరు ఎర్రగా ఉండేది. సాయంత్రం టర్పెంటు గుడ్డతో తొమ్మిది వేళ్లు రుద్ది రుద్ది కడిగేది. ఆ ఒక్కటీ వదిలేసేది. పని చేసేవాళ్లకు రంగు అంటుకోదా అనుకునేదాన్ని. ఆ గోరు సంగతి అమ్మకు పెళ్లయిన మొదటి ఏడాదే తెలుసట. తెలిసి ఏమీ అడగలేదట.

చీరతో మొదటిసారి నలుగురిలోకి వెళ్లింది రొట్టెల పండుగకు. 2006లో మొహర్రం చలికాలంలో వచ్చింది. అంతకుముందు కొన్నేళ్లు స్వర్ణాల చెరువు దగ్గర చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సౌభాగ్యం రొట్టె అని బోర్డులు రాసి పెట్టింది తనే. ఆ ఏడు తను రాసిన బోర్డు కిందే నిలబడి ఒక రొట్టె తీసుకుంది. ఏ బోర్డు కింద అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఆ తర్వాత అమ్మ మమ్మల్ని తీసుకుని పొదిలి పుట్టింటికి వెళ్లిపోయింది. పద్నాలుగు నెలలు. నాయన ప్రతి నెలా పొదిలి బస్టాండు దాకా వచ్చి, డబ్బులు తమ్ముడి చేతికిచ్చి, తిరుగు బస్సు ఎక్కేది. ఊళ్లోకి అడుగు పెట్టేది కాదు, మాకు మాట వస్తుందని. అప్పటికే ఫ్లెక్సీ మిషన్లు వచ్చి బోర్డుల పని పడిపోయింది. ఇల్లు అద్దెకిచ్చినాయన ఖాళీ చేయించాడు. అయినా నెల తప్పలేదు. ఒక నెల అమ్మ తనే బస్టాండుకు పోయింది, తిరిగి వచ్చి మా బట్టలు సర్దింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మాకు ఈ రోజుకీ తెలియదు. అమ్మ నాయనను పెళ్లయినప్పటి నుంచి "ఇదిగో" అనే పిలిచేది. ఆ తర్వాత కూడా "ఇదిగో" అనే. ఆ ఒక్క పిలుపూ మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు నా బాధ చెబుతాను. 2013లో నా పెళ్లి. పీటల మీద నాయన కూర్చుంటే బంధువులు లేచిపోతారని పెదనాయన అన్నాడు. కన్యాదానం పెదనాయనే చేశాడు. నాయన రాత్రంతా మేలుకుని స్టేజీ వెనక బోర్డు రాసింది, నా పేరు, మా ఆయన పేరు. పెళ్లి జరుగుతున్నంతసేపూ వంటల షెడ్డు దగ్గర నిలబడి ఉంది. తాళి కట్టేటప్పుడు నేను తలెత్తి చూస్తే దూరంగా ఆ చీర అంచు కనపడింది. నేను నోరు తెరవలేదు. పోయిన ఏడాది దహనం రోజు కూడా అంతే. కట్టుకున్న చీర మీద ఎవరో కొత్త పంచె కప్పేశారు. కింద చీర అంచు కనపడుతూనే ఉంది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు పెదనాయన మాట: ఫ్లెక్సీ మీద మీసాలున్న 1980ల నాటి ఫోటో, పాత పేరు వేయాలి, పెద్దలకు పెట్టేటప్పుడు పీట మీద పంచె, కండువా పెట్టాలి, పుస్తకంలో "వచ్చాడు" అనే ఉండాలి. తమ్ముడు "గొడవెందుకక్కా, ఒక్క రోజే కదా" అంటున్నాడు. అమ్మ ఏమీ మాట్లాడటం లేదు.

ఇలాంటిది మీ ఇళ్లల్లో జరిగిందా? ఏం చేశారు? తెలుగులో ఇలా రాయడం తప్పా? ఇంకో సాయం కూడా కావాలి. నాయన పని ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, ముఖ్యంగా రొట్టెల పండుగ బోర్డుల ఫోటోలు, పంపండి. పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఆ కొంగ రెక్క తలకట్టు చూసినవాళ్లకు పేరు అక్కర్లేదు.

జవాబు 1 – పొదిలి మాస్టారు

అమ్మా, తెలుగు పండితుడిగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వ్యాకరణం సంగతి నేను చెబుతాను, మిగతాది పెద్దలు చెబుతారు.

మన భాష ఏకవచనంలో మగవాణ్ని ఒక్కణ్నే పక్కకు తీసి "వచ్చాడు" అంటుంది. సీత వచ్చినా, ఆవు వచ్చినా, బస్సు వచ్చినా "వచ్చింది". బహువచనంలోకి వెళ్తే ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి "వచ్చారు" అవుతారు, ఆవులూ బస్సులూ "వచ్చాయి" దగ్గర ఉండిపోతాయి. మహద్వాచకం, మహతీవాచకం, అమహద్వాచకం అని పిల్లలకు బట్టీ పట్టించేవాణ్ని. "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" అనేటప్పుడు మాత్రం ఆడా మగా తేడా లేదు. ఆ తేడా అంతా మనిషి ఎదురుగా లేనప్పుడే వస్తుంది. మీ నాయన ఎదురుగా ఉన్నన్నాళ్లూ "నువ్వు" అన్నారు, గొడవ లేదు. పోయాక పుస్తకం రాయబోతే గొడవ వచ్చింది.

చిక్కు లేకుండా రాయాలంటే "గారు" చేర్చి "వచ్చారు" అనండి. ఆడవారికీ మగవారికీ చెల్లుతుంది, గౌరవం కూడా. మీ పెదనాయన గారు కూడా కాదనలేరు.

అలాగని "నాయన వచ్చింది" తప్పు అని నేను అనను. ఆడపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని "నా నాన్న కదా, నా బంగారు కదా, అన్నం తినిందా" అంటాం. మగపిల్లవాణ్ని "ఏం తల్లీ, ఏడవకమ్మా" అంటాం. ఏ వ్యాకరణమూ దాన్ని దిద్దడానికి రాలేదు. ప్రేమగా పిలిచే చోట మన భాష ఎప్పుడూ అంత పట్టింపుగా లేదు.

జవాబు 2 – దర్శి నుంచి

మీ బాధ అర్థమవుతోంది చెల్లెమ్మా. కానీ పెదనాయన వైపు నుంచి కూడా చూడండి. ఆయనకు అది తోడబుట్టిన తమ్ముడు. చిన్నప్పుడు వీపున మోసిన తమ్ముణ్ని ఇంకో పేరుతో తలచుకోవడం ఆ వయసులో తేలిక కాదు. మా ఇంట్లో వేరే కారణంతో ఇలాంటి పేచీ వస్తే, కర్మ దగ్గర పురోహితుడికి పుట్టిన పేరు చెప్పి, మిగతా అన్నిచోట్లా మనిషికి ఇష్టమైన పేరే వాడాం. ఒక్కరోజు సర్దుకుంటే బంధుత్వాలు నిలబడతాయి. నా మాట నచ్చకపోతే వదిలేయండి.

జవాబు 3 – కావలి అక్క

అమ్మణ్ణీ, మీ నాయన నాకు బాగా తెలుసు. నువ్వు రాసింది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నేనూ ట్రాన్స్ మహిళనే. మా గురువు దగ్గర మేం ఆరుగురం ఒకే ఇంట్లో ఉంటాం. మీ నాయన మా ఇంట్లో చేరలేదు. "నాకు ఇల్లుంది, పిలకాయలున్నారు" అనేది. కానీ రొట్టెల పండుగకూ, తమిళనాడులో కూవాగం జాతరకూ మాతో వచ్చేది. కూవాగంలో మేమంతా ఆ గుడి దేవుడు అరవాన్ పేరున తాళి కట్టించుకునేవాళ్లం. మీ నాయన కట్టించుకునేది కాదు. "నా ఇంట్లో నేను కట్టిన తాళి ఉంది, ఇంకోటి నాకెందుకు" అని పక్కన కూర్చుని మా అందరికీ గోరింటాకు డిజైన్లు వేసేది.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఎవరు ఏమిటో వాళ్లే చెప్పుకోవచ్చు అని. ఆ వారంలో కావలిలో చిన్న ఊరేగింపు చేద్దామనుకున్నాం. బట్ట బ్యానరు రాసిపెట్టమని మీ నాయన దగ్గరకు పోయాం. "మేమూ మనుషులమే" అని రాయమన్నాను. మీ నాయన కుంచె కింద పెట్టేసింది. "మనుషులమే అని ఇంకొకళ్లకు చెప్పుకోవడం ఎందుకు? అడుక్కున్నట్టుంది. మీ పేర్లు చెప్పండి, రాస్తా" అంది. ఇరవై రెండు మందిమి. ఇరవై రెండు పేర్లు రాసింది. ఆధార్‌లో పేర్లు కాదు, మేం పెట్టుకున్న పేర్లు. మాలో చాలామందికి ఆ పేరు పెయింటుతో రాసి ఉండటం అదే మొదటిసారి చూడటం. తలకట్లు పెట్టే ముందు ఒక్కొక్కరినీ పిలిచి, "నీ పేరు సరిగ్గా ఉందా చూసుకో" అని చూపించి, అప్పుడు పెట్టింది. ఆ బ్యానరు మా బీరువాలో ఉంది. ఒక మూల ఎలుక కొరికింది, మిగతాది బాగుంది. నీకు పంపిస్తా, ఫోటో తీసుకుని మళ్లీ మాకివ్వు.

2017 డిసెంబరులో రాష్ట్రం మాకు నెలకు 1,500 పింఛను ఒప్పుకుంది గదా. తనకు మొదటి నెల డబ్బులు రాగానే రేకు కొని మా టిఫిన్ బండికి బోర్డు రాసింది. ఎందుకు ఖర్చు అంటే, "బోర్డు లేని బండి దగ్గర జనం రేటు అడుగుతారు, బోర్డున్న బండి దగ్గర టిఫిను అడుగుతారు" అంది. 2022లో కలెక్టరు ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్‌కు ఇద్దరం కలిసే అప్లై చేశాం, ఆన్‌లైన్‌లో, అఫిడవిట్ పెట్టి. డాక్టరు పరీక్షేమీ అడగలేదు. అందులో తను పెట్టుకున్న పేరే ఉంది. ఇంట్లో వెతుకు, ట్రంకుపెట్టెలో ఉండాలి. పెదనాయన అడిగితే అది చూపించు.

దర్శి అన్నయ్యా, మీరు మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఒక్కరోజే కదా అనే మాట మాకు భయం. మాలో ఎంతోమంది పోయినప్పుడు, ఇరవై ఏళ్లు గడప తొక్కనివ్వని ఇంటివాళ్లు వచ్చి శవాన్ని తీసుకుపోతారు. జుట్టు కత్తిరిస్తారు, గాజులు తీసేస్తారు, ప్యాంటు చొక్కా తొడుగుతారు. మేం వీధి చివర నిలబడి చూస్తాం. చావు గురించి మేం మాట్లాడుకునేటప్పుడు మాకు ఉండే భయం అదే, నన్ను ఏ బట్టల్లో పంపుతారో అని. మీ నాయన కూడా ఆ మాట అనింది అమ్మణ్ణీ. "నా పిలకాయలు అట్టా చెయ్యర్లే" అని కూడా అనింది.

నిన్ను బాధ పెట్టాలని చెప్పలేదు. చీర పెట్టు. వెంకటగిరి కాటన్, సన్న జరీ అంచు. ఆకుపచ్చ అంటే ప్రాణం.

జవాబు 4 – కందుకూరు హార్మోనియం

మాది కందుకూరు. 2022లో నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు కూడా మేం ప్రకాశం వాళ్లమనే అనుకున్నాం. నలభై ఏళ్లు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించాను.

మీ నాయన మా సమాజానికి సీనరీలు రాసింది, 1994లోనో 95లోనో. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, కాటిసీను తెర. గుడ్డ నేల మీద పరిచి, పొడి రంగుల్లో జిగురు కలుపుకుని, చెప్పుల్లేకుండా దాని మీదే నడుస్తూ రాసేది. అడవి తెరలో ఒక చెట్టు తొర్రలో చిన్న దీపం పెట్టింది. అడవిలో దీపమెందుకయ్యా అని మా మేనేజరు అడిగితే, "రాత్రిపూట దారి తప్పినవాళ్లకు" అన్నాడు. క్షమించండి, అప్పుడు మేం "అన్నాడు" అనే అనేవాళ్లం.

ఒక మాట చెప్పాలనుంది. మా నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలం ఒకటి ఉండేది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారికి సత్యభామ వేషం తెచ్చిన పేరు అందరికీ తెలుసు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఊరూరా సన్మానాలు. ఆయన వేషం కట్టిన నటుడు, వేషం తీసేశాక మగవాడే. మీ నాయన సంగతి వేరు. ఆమెకు వేషం పంచెకట్టు. నలభై నాలుగేళ్లు తీయకుండా కట్టింది. రంగస్థలం మీద చీరకు చప్పట్లు కొట్టిన ఊళ్లే వీధిలో చీరను చూసి రాళ్లేశాయి. మా సమాజంలో కూడా 2006 తర్వాత ఆమెను పిలవలేదు. తెరలు చిరిగితే ఫ్లెక్సీ వేయించుకున్నాం. పిలవకూడదని ఎవరూ అనలేదు, పిలుద్దామని కూడా ఎవరూ అనలేదు. ఆ ఎవరూ అన్న మాటలో నేనూ ఉన్నాను. అది నన్ను తొలుస్తూనే ఉంది.

అడవి తెర నా దగ్గరే ఉంది. మడతల దగ్గర రంగు రాలింది, దీపం మాత్రం ఉంది. మీకిచ్చేస్తాను.

జవాబు 5 – వార్డు సచివాలయంలో పనిచేస్తాను

కాయితాల గురించి రెండు మాటలు. డెత్ సర్టిఫికెట్‌లో ఏ పేరు పడిందో చూసుకోండి. 21 రోజుల్లో నమోదు చేయించే హడావుడిలో చాలామంది పాత రేషన్ కార్డు చూపిస్తారు, పాత పేరు పడిపోతుంది. 1969 జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారు సరిదిద్దవచ్చు, ఆధారం చూపించాలి. కలెక్టరు సర్టిఫికెట్ ఉందంటున్నారు కాబట్టి మంచిదే. మీ టెన్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు పాతదే ఉంటుంది. అందుకని ఆ పేరూ ఈ పేరూ ఒకే మనిషివని తెలిపే కాయితాలన్నీ ఒకచోట పెట్టుకోండి, ఇంటి పన్ను, బ్యాంకు దగ్గర అడుగుతారు.

ఇంకొకటి. 2025 జూన్‌లో మన హైకోర్టు, ట్రాన్స్ మహిళ మహిళే అని చెప్పింది. పిల్లల్ని కనే వీలు లేదు కాబట్టి మహిళ కాదనే వాదనను ఒప్పుకోలేదు. ఆ కేసు మన ఒంగోలు నుంచి వెళ్లిందే. పెదనాయన గారికి కోర్టు మాట మీద గౌరవం ఉంటే పనికొస్తుందేమో.

మళ్లీ స్టోన్‌హౌస్‌పేట అమ్మాయి

అందరి జవాబులూ అమ్మకు చదివి వినిపించాను. కావలి అక్క రాసింది చదివేటప్పుడు నా గొంతు పూడుకుపోతే తమ్ముడు ఫోను తీసుకుని మిగతాది చదివాడు. "నా పిలకాయలు అట్టా చెయ్యర్లే" అన్నచోట వాడూ ఆగిపోయాడు. ఆ తర్వాత "ఒక్క రోజే కదా" అనే మాట వాడి నోట మళ్లీ రాలేదు.

సర్టిఫికెట్ దొరికింది. ట్రంకుపెట్టెలో కాదక్కా, బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి. డెత్ సర్టిఫికెట్‌లో పాత పేరే పడింది, సోమవారం తమ్ముడు వెళ్తున్నాడు.

అమ్మ నిన్న నోరు విప్పింది. నేను అనుకున్నట్టు కాదు. నేను రాసిన ప్రతి అంతా చదివించుకుని, "అంతా బాగుంది గానీ, ఇందులో నా మొగుడేడి?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. "ఆ నలభై నాలుగేళ్లూ నువ్వు రెండు లైన్లలో దాటించేశావు. ఆ మనిషితోనే గదా నేను కాపురం చేసింది. చీర కట్టిన రోజు నుంచి మాత్రమే మనిషైనట్టు రాస్తే, అంతకుముందు నేనెవరితో ఉన్నట్టు?" అంది. తమ పెళ్లి ఫోటో గోడ మీద నుంచి నాయన ఎప్పుడూ తీయనివ్వలేదు అని గుర్తుచేసింది. నిజమే. నాయన ఆ ఫోటో ముందు నిలబడి, "చూడు, నువ్వెంత బాగున్నావో" అని అమ్మను ఏడిపించేది. తన గురించి ఏమీ అనేది కాదు.

అందుకని పుస్తకంలో మూడో పేజీలో వాళ్ల పెళ్లి ఫోటో వేస్తున్నాం. కింద పాత పేరు వేయడం లేదు. "అమ్మ, నాయన, పెళ్లిరోజు" అని మాత్రమే. ఫ్లెక్సీ మానేశాం. నాయన పొట్ట కొట్టింది ఫ్లెక్సీనే గదా, నాయన బొమ్మను దాని మీద వేయడానికి నాకు మనసొప్పలేదు. గుమ్మంలో రేకు బోర్డు పెడతాం, నేనే రాస్తాను. నా చెయ్యి నాయన చెయ్యి కాదు, అయినా రాస్తాను.

పీట మీద ఆకుపచ్చ వెంకటగిరి చీర. అమ్మే పోయి కొనుక్కొచ్చింది. పెదనాయన రానన్నాడు. ఆయన ఇంటికి వెళ్లాను, దర్శి అన్నయ్య మాట మనసులో పెట్టుకుని మర్యాదగానే మాట్లాడాను. పురోహితుడికి ఏ పేరు చెబుతారని అడిగాడు. నాయన పెట్టుకున్న పేరే అన్నాను. లోపలికి వెళ్లిపోయాడు. పెద్దమ్మ మాత్రం గేటు దాకా వచ్చి, ఎన్ని గంటలకు అని అడిగింది.

మాస్టారూ, మీరు చెప్పినట్టు "నాయన గారు వచ్చారు" అని ఒక పేజీ రాసి చూశాను. ఎవరో పెద్దమనిషి మా ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు ఉంది. మా నాయన కుర్చీలో కూర్చునే మనిషి కాదు. మెట్లమీద కూర్చుని, కుంచెలు టర్పెంటులో నానబెట్టుకుంటూ, నేను బడి నుంచి రాగానే "ఏం నాన్నా, వచ్చిందా నా తల్లి" అనేది. మీరు ఆడపిల్లను "నాన్న" అంటామని రాసిన చోట నాకు అదే గుర్తొచ్చింది. తను నన్ను నాన్నా అని పిలిచి "వచ్చిందా" అన్నప్పుడు తప్పు కానిది, నేను తనను నాయన అని "వచ్చింది" అంటే తప్పెట్టా అవుతుంది? డీటీపీ కుర్రాడి దగ్గర కూర్చుని ఇదే చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే మొత్తం వెనక్కి మార్చాలి కదక్కా" అని మొదటి పేజీ తెరిచాడు. ఒక్కొక్కటీ నేను చదువుతుంటే వాడు మార్చాడు. రాత్రి తొమ్మిదిన్నర అయింది.

బుచ్చిరెడ్డిపాళెం దారిలో ఒక మూతపడ్డ రైస్ మిల్లు గోడ మీద నాయన రాత ఇంకా ఉందని ఇక్కడి మెసేజిల్లో ఒకరు ఫోటో పంపారు. సగం సున్నం కింద పోయింది. "మొలగొలుకులు" అన్న బియ్యం పేరు మాత్రం నిలిచింది, తలకట్లతో సహా. రేపు ఎండ ఎక్కకముందే నేనూ తమ్ముడూ ట్రేసింగ్ పేపరు తీసుకుని పోతున్నాం. గుమ్మం బోర్డుకు కావాల్సిన అక్షరాలు కొన్ని అందులో దొరుకుతాయి.

కావలి అక్కా, బ్యానరు పోస్టులో పంపొద్దు, మీరే తీసుకుని రండి, ఆరుగురూ రండి. భోజనాలు పన్నెండున్నరకు. కందుకూరు పెద్దాయనా, తెర మోయడానికి తమ్ముణ్ని పంపిస్తాను, మీ అడ్రసు ప్రైవేటు మెసేజి పెట్టండి. దాన్ని ఇంటి వెనక గోడకు కట్టి, ఆ దీపం ఉన్న వైపు పీట వేద్దామంటోంది అమ్మ.